స్పానిష్‌లో ప్లాంచా అంటే ఇస్త్రీ పెట్టా, రాగి రేకా? ప్రింట్‌మేకింగ్ మాటలు తెలిసినవాళ్ళు రండి

రాగిరేకు_రమ్య
మాడ్రిడ్ వచ్చి పదకొండు రోజులైంది. మూడు నెలల ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాప్. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఎచింగ్ (లోహపు రేకుని యాసిడ్‌తో కొరికించి అచ్చు తీసే పని) చేశాను కాబట్టి పని తెలుసు, భాషే తెలీదు. వచ్చేముందు ఆర్నెల్లు యాప్‌లో స్పానిష్ నేర్చుకున్నా. "పిల్లి పాలు తాగుతోంది", "మా అత్త లాయరు" లాంటివి బాగా వచ్చు. ఇక్కడికొచ్చాక పిల్లితో గానీ అత్తతో గానీ అవసరం పడలేదు.

నిన్న జరిగింది వినండి. తడి కాగితం మీద మూడు ప్రూఫులు, అంటే నమూనా అచ్చులు, తీశాను. మేడమ్ పక్క టేబుల్ దగ్గర్నుంచి నావైపు చూసి ఏదో అంది. అందులో నాకు దొరికిన మాట ఒక్కటే, "తిరార్". యాప్‌లో తిరార్ అంటే పారేయడం. బాగా రాలేదు కాబోలు అనుకుని మూడింటినీ మడిచి చెత్తబుట్టలో వేశా. ఆవిడ ముఖం మీరు చూడాల్సింది. ఇంకొకటి తీద్దాం అందట! ప్రింట్ తీయడం కూడా తిరారేనట!

ఫోన్‌లో అనువాదం పెడితే ఇంకా ఘోరం. ప్లాంచా అంటే ఇస్త్రీ పెట్టె. మున్యేకా అంటే ఆడుకునే బొమ్మ. మంతీయా అంటే తల మీద వేసుకునే లేసు ముసుగు. వాళ్ళిచ్చిన సామాన్ల లిస్టు చదివితే బొమ్మల పెళ్ళికి బయల్దేరినట్టుంది. ఈ పనిలో మాటలు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. డిక్షనరీ లింకులు వద్దు, అన్నీ చూశా.

సీమ_సెన్యోర్
ఇక్కడ తలుపుల మీద కూడా తిరార్ అని రాసుంటుంది, లాగండి అని. నేను వలెన్సియా వచ్చిన కొత్తలో రెండు నెలలు ఆ తలుపులన్నీ తోస్తూనే ఉన్నా. "లాగడం" అని గుర్తుపెట్టుకో, సరిపోతుంది. ప్రెస్‌లోంచి కాగితం లాగుతాం కదా. మొత్తం ఎన్ని లాగితే అది తిరాదా, అంటే ఎడిషన్.

మౌనవీక్షకుడు
బొమ్మల పెళ్ళి 😂 ఫాలో అవుతున్నా.

అత్తాపూర్_అంకుల్
అమ్మా రమ్యా, ముందు ఫ్రెంచ్ మాటలు నేర్చుకో, స్పానిష్‌వి వాటంతటవే వస్తాయి. ప్రూఫు బాగుంది, ఇక ఎడిషన్ తీయొచ్చు అనడానికి స్పెయిన్‌లో కూడా కాగితం మీద బి.ఎ.టి. అనే రాస్తారు. అది ఫ్రెంచ్ "బాఁ ఆ తిరే". అక్కడా "తిర్" ఉంది చూడు. మన ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి గారు చిత్తూరు జిల్లా నుంచి వెళ్ళి పారిస్‌లో హేటర్ గారి ప్రింట్ స్టూడియో అట్లియే 17లో పనిచేశారు కదా. ఒకే ప్లేటు మీద వేర్వేరు చిక్కదనం ఉన్న రంగులు వేసి, ఒకే దెబ్బలో రంగుల ప్రింట్ లాగే పద్ధతి అక్కడే తయారైంది. పారిస్‌లో పని అంటే ఫ్రెంచ్ మాటలేగా.

సీమ_సెన్యోర్
అంకుల్, ఆ పిల్ల ఉన్నది మాడ్రిడ్‌లో. రేపు పొద్దున తొమ్మిదింటికి క్లాసుంది. ఫ్రెంచ్ ఎప్పుడు నేర్చుకుంటుంది?

రమ్యా, రోజూ వినపడేవి చెప్తా.

ప్లాంచా: ఏ పలకైనా ప్లాంచానే. ఇస్త్రీ పెట్టె, చేపలు కాల్చే పెనం, నీ రేకు, అన్నీ. హోటల్లో "ఆ లా ప్లాంచా" అంటే పెనం మీద కాల్చినది. లోహపు రేకుని లామినా అని కూడా అంటారు, స్పెయిన్ చిత్రకారుడు గోయా రేకుల గురించి రాసేటప్పుడు ఎక్కువగా ఇదే కనపడుతుంది.

మున్యేకా: బొమ్మే. మణికట్టు కూడా. గుడ్డలో గుడ్డ కుక్కి మూట కడితే చిన్న బొమ్మ తలకాయలా ఉంటుంది కదా, దాంతో ఇంకు అద్దుతాం.

మంతీయా: ప్రెస్‌లో కాగితం మీద పరిచే ఉన్ని దుప్పటి. తల మీద ముసుగు వేసినట్టే కదా, తప్పేముంది!

తర్లతానా: గంజి పెట్టిన పల్చటి జాలీ గుడ్డ. ఇంకు తుడవడానికి.

రొదీయో: రోలర్. వంటింట్లో అయితే అప్పడాల కర్ర.

తోర్కులో: ఎచింగ్ ప్రెస్. రెండు రోలర్ల మధ్య నుంచి బల్ల వెళ్తుందే, అది.

నిఘంటువు_నాని
తోర్కులో లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ద్రాక్షలు, ఆలివ్‌లు పిండే యంత్రం. అంటే మన గానుగ. "ఎచింగ్ గానుగ" అని తెలుగులో పెట్టేసుకుంటే పోలా?

రాగిరేకు_రమ్య
నిన్న సాయంత్రం దాని చక్రం తిప్పీ తిప్పీ భుజాలు పోయాయి. గానుగే. ఎద్దుని నేనే.

కాఫీ_విత్_కమల
నా సందేహం వేరే. గ్రబాదో, ఎస్తాంపా రెండూ ఒకటేనా? మ్యూజియంలో ఒకే బొమ్మ కింద ఒకచోట ఇది, ఇంకోచోట అది రాసున్నాయి.

వహాకా_వాసు
ఒకటే. అందరూ గ్రబాదో అంటారు. మెక్సికోలో మూడేళ్ళుగా ఉంటున్నా, ఎవర్నీ ఎస్తాంపా అనగా వినలేదు.

అత్తాపూర్_అంకుల్
ఒకటి కాదు బాబూ. గ్రబార్ అంటే చెక్కడం. రేకు మీదో చెక్క మీదో నువ్వు చేసే పని గ్రబాదో. దాన్నుంచి కాగితం మీదికి వచ్చేది ఎస్తాంపా. అచ్చు వేయడం ఎస్తాంపార్. చెక్కేవాడు ఒకడు, అచ్చు వేసేవాడు ఇంకొకడు అయ్యే కాలంలో ఈ తేడా చాలా ముఖ్యం, కూలీ ఎవరికి ఎంతో దాన్ని బట్టే ఉండేది. లిథోగ్రాఫ్‌ని గ్రబాదో అంటే నేను ఒప్పుకోను. రాయి మీద జిడ్డు పెన్సిల్‌తో గీస్తాం, అక్కడ చెక్కిందేముంది? సెరిగ్రఫీయా, అదే మన స్క్రీన్ ప్రింట్, దానికీ అంతే. అన్నిటికీ కలిపి కావాలంటే "ఓబ్రా గ్రాఫికా" అనాలి.

వహాకా_వాసు
పుస్తకాల్లో మీరే కరెక్ట్ అంకుల్. కానీ ఇక్కడ వీధిలో ప్రింట్లు అమ్మే కుర్రాడి దగ్గరికెళ్ళి "ఓబ్రా గ్రాఫికా ఎంత?" అంటే ధర డబుల్ చేస్తాడు.

నిఘంటువు_నాని
అంకుల్ చెప్పిన తేడా తెలుగులో ఇంకా తేలిగ్గా ఉంది. చెక్కింది దిమ్మె, పడింది అచ్చు. ఇంకో సంగతి. పిల్లాడు అచ్చంగా తండ్రి పోలికైతే స్పానిష్‌లో "తండ్రికి బీబా ఎస్తాంపా" అంటారు, సజీవమైన అచ్చు అని. మనం "అచ్చు గుద్దినట్టు నాన్నే" అంటాం. ఎవరూ ఎవరి దగ్గరా కాపీ కొట్టలేదు, రెండు చోట్లా అచ్చులు గుద్దేవాళ్ళు ఉన్నారంతే.

సీమ_సెన్యోర్
ఎస్తాంపా అంటే దేవుడి బొమ్మ కార్డు కూడా. మనవాళ్ళు పర్సులో వెంకటేశ్వరస్వామిని పెట్టుకున్నట్టు ఇక్కడ ముసలమ్మల పర్సుల్లో మేరీమాత ఎస్తాంపితా ఉంటుంది.

గ్రబార్‌తో జాగ్రత్త, ఆడియో, వీడియో రికార్డ్ చేయడం కూడా అదే మాట. మా ఫ్రెండొకడు లినోకట్ (లినోలియం చెక్కి అచ్చు వేయడం) క్లాసుకెళ్ళాడు. సారు "ఇప్పుడు గ్రబామోస్" అనగానే జుట్టు సర్దుకుని కెమెరా కోసం వెతికాడు.

పెడన_దిమ్మె
మాది పెడన. మూడు తరాలుగా కలంకారీ అద్దకం. రమ్య గారి రేకుల పని మాకు తెలీదు గానీ ఎస్తాంపా అనగానే ఒకటి గుర్తొచ్చింది. రంగుల అచ్చు వేసిన గుడ్డని స్పానిష్‌లో ఎస్తంపాదో అంటారట కదా? రెండేళ్ళ క్రితం ఒక స్పెయిన్ ఆవిడ మా షెడ్డుకి వచ్చింది. 18వ శతాబ్దంలో బార్సిలోనాలో నూలు గుడ్డల మీద అచ్చులు వేసే ఫ్యాక్టరీలు చాలా ఉండేవని, ఆ గుడ్డల పేరే "ఇందియానాస్" అని చెప్పింది. మన దేశం నుంచి వెళ్ళిన అద్దకం గుడ్డలు చూసి మోజుపడి, వాళ్ళే తయారు చేసుకోవడం మొదలుపెట్టారట. టేకు దిమ్మె చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఫొటో దిగింది. ఏమీ కొనలేదు.

కాఫీ_విత్_కమల
ఏమీ కొనలేదు 😂 అన్నా, ఇక్కడ ప్రింట్‌మేకర్ల బాధంతా ఒక్క ముక్కలో చెప్పేశారు.

సీమ_సెన్యోర్
నిజమే, ఇందియానాస్ అనే అంటారు. రమ్యా, చెక్క పనిలోకి వెళ్తే పెడన అన్న చెప్పిన దిమ్మె స్పానిష్‌లో "తాకో".

వహాకా_వాసు
అక్కడే వచ్చింది చిక్కు! మెక్సికోలో తాకో అంటే రొట్టెలో కూర చుట్టి తెస్తారు, తెలుసుగా. పొద్దున క్లాసులో తాకో, మధ్యాహ్నం సందు చివర తాకో.

సీమ_సెన్యోర్
స్పెయిన్‌లో బూతు మాటని కూడా తాకో అంటారు. దిమ్మె చెక్కుతూ వేలు తెగితే మూడో రకం తాకో దానంతటదే వస్తుంది.

రాగిరేకు_రమ్య
ఇంతకీ నాది ఎచింగ్. అగ్వఫ్వెర్తె అంటే "బలమైన నీళ్ళు" అని చూపిస్తోంది. అదేనా?

అత్తాపూర్_అంకుల్
అదే. అగ్వా నీళ్ళు, ఫ్వెర్తె బలమైన. నైట్రిక్ యాసిడ్‌కి పాత పేరు. యాసిడ్ పేరే పద్ధతికి, దాంతో వచ్చే బొమ్మకీ అంటుకుపోయింది. రేకు మీద పూసే పూత బర్నిథ్, మెత్తటి పూత అయితే బర్నిథ్ బ్లాందో. సూదితో ఆ పూత మాత్రమే గీకుతాం, రేకుని యాసిడ్ కొరుకుతుంది. ఆ కొరకడం మొర్దిదా. కొరికేది మొర్దియెంతె. ఈ రోజుల్లో నైట్రిక్ పొగలు ఎవరికీ వద్దు, రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. అక్కడ క్లొరూరో ఫెర్రికో అని రాసుంటుంది, గోధుమ రంగు డబ్బా.

సూదితో సూటిగా రేకునే గీకితే పుంతా సేకా. బురిల్ అనే ఉలితో రేకుని తొలిచి తీసేది తాయా దుల్సే.

నిఘంటువు_నాని
తాయా దుల్సే = తీపి కోత 🤔 కడుపు కోత విన్నాం గానీ...

అత్తాపూర్_అంకుల్
అదీ ఫ్రెంచ్ నుంచే వచ్చింది. దూస్ అంటే అక్కడ మృదువైన అని. నేను ముందే చెప్పానుగా ఫ్రెంచ్ నేర్చుకోమని.

సీమ_సెన్యోర్
మొదలైంది.

వహాకా_వాసు
మొర్దిదా గురించి ఒక హెచ్చరిక. మెక్సికోలో మొర్దిదా అంటే లంచం. ట్రాఫిక్ పోలీసు కొరుకుతాడన్నమాట. నేను వర్క్‌షాప్‌లో "నా మొర్దిదా సరిపోలేదు, ఇంకా ఎక్కువ కావాలి" అన్నాను. గది మొత్తం పడీపడీ నవ్వింది.

కాఫీ_విత్_కమల
మనకీ అంతే కదా. రేకుని యాసిడ్ తినేసింది అంటాం, ఆఫీసరు లంచం తిన్నాడు అంటాం. వాళ్ళు కొరుకుతారు, మనవాళ్ళు ఏకంగా తినేస్తారు.

పెడన_దిమ్మె
మొర్దియెంతె మాకూ ఉంది. ఆ స్పెయిన్ ఆవిడ మా పటిక బకెట్ చూపించి ఇదే మాట అంది. కరక్కాయ నీళ్ళలో తడిపిన గుడ్డ మీద పటిక అద్దితేనే ఎరుపు రంగు పట్టుకుంటుంది. గుడ్డని రంగు కొరికి పట్టుకోవడానికి అదీ, రేకుని కొరకడానికి యాసిడూ, రెండిటికీ ఒకే పేరు.

రాగిరేకు_రమ్య
పెడన అన్నా, ఇది రేపు క్లాసులో చెప్తా. అంత స్పానిష్ వస్తే!

అక్వాటింట్ ఎల్లుండి మొదలవుతుంది. దానికి మాటలు?

కాఫీ_విత్_కమల
అగ్వతింతా. ఇది నేను చెప్తా, నాకు ఇష్టమైనది ఇదొక్కటే. రెసీనా అంటే జిగురు రాయి పొడి, మన గుగ్గిలం లాంటిది. దాన్ని రేకు మీద సన్నటి దుమ్ములా పడనిచ్చి కింద నుంచి వేడి చేస్తారు. తెల్లగా పిండి చల్లినట్టున్న రేకు ఒక మూల నుంచి మెల్లగా తేమ పట్టినట్టు మెరుస్తూ వస్తుంది, ఆ మెరుపు రెండో మూలకి చేరగానే మంట తీసేయాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రేణువులన్నీ కలిసిపోయి రేకు మూసుకుపోతుంది. సరిగ్గా వస్తే రేణువుల మధ్య సందుల్లో మాత్రమే యాసిడ్ తింటుంది, ఆ సందుల్లో ఇంకు నిలబడి బూడిదరంగు వస్తుంది. ఎంతసేపు ఉంచితే అంత నలుపు. తెల్లగా ఉండాల్సిన చోట ముందే పూత పూసి మూసేయడాన్ని రెసెర్వా అంటారు. మన రైలు రిజర్వేషనే అనుకో, ఆ సీట్లో ఎవరూ కూర్చోకూడదు.

గోయా 1799లో తెచ్చిన లోస్ కప్రీచోస్ అనే ప్రింట్ల సెట్‌లో 80 బొమ్మలు. ఆ రాత్రి ఆకాశాలన్నీ ఈ దుమ్ముతో వచ్చినవే. మాడ్రిడ్‌లో ఒక అత్తరు, మద్యం షాపులో అమ్మకానికి పెట్టాడు, 80 బొమ్మలు 320 రెయాల్‌లు. ఆ షాపున్న వీధి పేరు దెసెంగాన్యో, అంటే భ్రమ వదలడం. కొద్ది రోజులకే అమ్మకం ఆపేశాడు. 1803లో రేకులూ, మిగిలిపోయిన సెట్లూ రాజుకి ఇచ్చేసి కొడుక్కి పెన్షన్ వేయించుకున్నాడు.

రమ్యా, ఆ రేకులు నీకు దగ్గర్లోనే ఉన్నాయి. అల్కలా వీధిలో సన్ ఫెర్నాందో అకాడమీ బిల్డింగ్‌లో కల్కొగ్రఫీయా నసియొనాల్ ఉంది, 1789 నుంచి నడుస్తున్న సంస్థ. తప్పకుండా వెళ్ళు.

మౌనవీక్షకుడు
కొడుక్కి పెన్షన్. ఎక్కడైనా తండ్రులు తండ్రులే.

నిఘంటువు_నాని
కప్రీచోస్‌లో 43వ బొమ్మ మీద నాకో పాత గొడవ ఉంది. బల్ల మీద తల వాల్చిన మనిషి, చుట్టూ గుడ్లగూబలు, గబ్బిలాలు. బల్లకే రాసుంటుంది, "ఎల్ స్వేన్యో దె లా రథోన్ ప్రొదూసె మోన్‌స్త్రువోస్". స్వేన్యో అంటే నిద్రా అదే, కలా అదే. తెలుగులో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. "వివేకం నిద్రపోతే రాక్షసులు పుడతారు" అంటే వివేకం మంచిది, నిద్రపోవడమే తప్పు. "వివేకం కనే కలల్లో రాక్షసులు పుడతారు" అంటే తప్పు వివేకానిదే. గోయా రెండూ ఒకే మాటలో పెట్టేసి చేతులు దులుపుకున్నాడు.

అత్తాపూర్_అంకుల్
నిద్రే. బొమ్మ చూస్తే తెలియడంలా?

నిఘంటువు_నాని
ఆ గబ్బిలాలు ఎక్కడ్నుంచి వచ్చాయి అంకుల్, కలలోంచి కాకపోతే?

కాఫీ_విత్_కమల
దీనికి వేరే థ్రెడ్ పెట్టుకోండి బాబూ. కానీ ఒక సంగతి, ఆ అక్షరాలన్నీ రేకు మీద కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. అద్దంలోలా రాయాలి.

రాగిరేకు_రమ్య
అబ్బా, గుర్తుచేయకండి. మొదటి రోజు రేకు కింద మూల తెలుగులో "రమ్య" అని మామూలుగా రాసేశా. అచ్చులో తిరగబడి పడింది. పక్కనమ్మాయి అది చూసి, మీ లిపి ఎంత బాగుంది అంది. నేనేం మాట్లాడలేదు.

వహాకా_వాసు
😂😂 ఎడిషన్ మొత్తం అలాగే సంతకం పెట్టేయ్.

సీమ_సెన్యోర్
ఉచ్చారణ గురించి ఎవరూ చెప్పలేదు. తెలుగువాళ్ళకి స్పానిష్ ఇంగ్లీషు కన్నా సుళువు. త, ద అచ్చంగా మన తకార దకారాలే, "ట" పలికావా, ఇంగ్లీషువాళ్ళ యాస వచ్చేస్తుంది. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి, నోటికి హాయి. రెండు ఆర్‌లు వచ్చినచోట మన బండి ఱ తీసి దుమ్ము దులిపి వాడు. మాడ్రిడ్‌లో జెడ్ ఉంటే "థ", అందుకే బర్నిథ్. వాసు దగ్గర అదే బర్నిస్. హెచ్ అసలు పలకదు. కాగితం మీద రేకు అంచులు దిగబడిన గుర్తుంటుందే, అది ఉవేయా. మామూలుగా దాని అర్థం అడుగుజాడ.

అత్తాపూర్_అంకుల్
ఊమో మర్చిపోయారు. ఊమో అంటే పొగ. మెజోటింట్‌ని పాతకాలంలో "గ్రబాదో అల్ ఊమో" అనేవాళ్ళు. 1761లో మాడ్రిడ్‌లో అచ్చయిన రాగి చెక్కడం చేతిపుస్తకం పేరులోనే ఆ మాట ఉంది. పొగచూరిన నలుపులోంచి వెలుగుని గీకి తీస్తాం కదా, ఆ పేరు నాకు భలే నచ్చుతుంది. ఇప్పుడు మాత్రం మెసొతింతో అంటారు, లేదా మనేరా నేగ్రా.

సీమ_సెన్యోర్
మనేరా నేగ్రా ఫ్రెంచ్ మాటకి అనువాదం అని చెప్పకుండా వదిలేశారు, థాంక్స్ అంకుల్.

అత్తాపూర్_అంకుల్
చెప్పబోతున్నా.

రాగిరేకు_రమ్య
లిస్టులో ఇంకొకటి మిగిలింది. "బ్లాంకో దె ఎస్పాన్యా". స్పెయిన్ తెలుపు?

కాఫీ_విత్_కమల
సుద్ద పొడి తల్లీ. పూత పూసేముందు రేకు మీద జిడ్డు పోగొట్టడానికి. తడి చేత్తో రుద్ది, కుళాయి కింద పెడితే నీళ్ళు ఎక్కడా విరగకుండా పల్చటి పొరలా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోయిందంటే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

అత్తాపూర్_అంకుల్
రాగి నల్లబడితే మేము చింతపండు, ఉప్పు వేసి తోమేవాళ్ళం. చేసేపని బోళ్ళు తోముకోవడమేగా అని మా ఆవిడ నవ్వేది. మీ దగ్గర వినాగ్రే, అదే వెనిగర్, దొరుకుతుంది, అదీ పనిచేస్తుంది.

పెడన_దిమ్మె
స్టీలు సామాన్ల కొట్లో గ్లాసుల మీద పేర్లు కొడతారే, దాన్ని స్పానిష్‌లో ఏమంటారు? మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ప్రతి గిన్నె మీదా తేదీతో సహా ఉంటుంది.

సీమ_సెన్యోర్
అదీ గ్రబార్ అన్నా. ఇక్కడ పెళ్ళి ఉంగరం లోపల పేరు, తేదీ వేయిస్తారు, దానికీ ఇదే మాట.

రాగిరేకు_రమ్య
నాలుగు రోజుల తర్వాత వచ్చా. మొర్దిదా, రెసెర్వా, మున్యేకా అన్నీ క్లాసులో వాడేశా. పటిక సంగతి చెప్పబోయి మధ్యలో మాటలు అయిపోతే బకెట్ బొమ్మ గీసి చూపించా. మేడమ్‌కి అర్థమైంది. పెడన ఎక్కడుందో ఫోన్‌లో మ్యాప్ తీయించుకుని చూసింది.

పెడన అన్న మాట చదివాక మా అమ్మమ్మ స్టీలు గ్లాసు గీశా, దాని మీద పేరుతో సహా. ఈసారి అక్షరాలు అద్దంలో చూసుకుంటూ రాశా. అగ్వతింతా రెండు నలుపులు వచ్చాయి, మూడోది మూసుకుపోయింది, కమలక్కా మీరు చెప్పిన ఆ ఒక్క క్షణమే. నిన్న ఐదు తీసి ఆరబెట్టా. మేడమ్ వాటిల్లో ఒకదాని కింద పెన్సిల్‌తో పి/ఎ అని రాయమంది. ఆర్టిస్ట్ ప్రూఫే కదా?

అత్తాపూర్_అంకుల్
అదే. ప్రువేబా దె ఆర్తీస్తా. అది నీది, అమ్మేయకు.

రాగిరేకు_రమ్య
ఇంటికి తెచ్చేటప్పుడు చుట్టి ట్యూబ్‌లో పెట్టనా, అట్టల మధ్య పరిచి తేనా?

కాఫీ_విత్_కమల
పరిచి. చుడితే ఉవేయా చెదిరిపోతుంది. ఇంక ఎవరైనా తిరార్ అంటే ముందు చెత్తబుట్ట ఎక్కడుందో చూడకు.